అట్టిలా పేరు ఏ భాషది?

ఈ సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వస్తూనే, సైకిల్ హెల్మెట్ అయినా తీయకుండా, "మమ్మీ, వాస్ బెడాయ్‌టెట్ మైన్ నామె?" అని జర్మన్‌లో అడిగింది. తన పేరుకు అర్థమేమిటో రేపు క్లాసులో చెప్పాలట. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే మామయ్య గుర్తొచ్చారు.

మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు, హనుమకొండలో చరిత్ర లెక్చరర్‌గా రిటైరయ్యారు. అందరి మామయ్యలకూ బీపీ, షుగరు ఉంటే ఈయనకు గడ్డిమైదానాల రాజుల పేర్లు ఉండేవి. గుర్రాల మీద వచ్చి యూరప్‌ను వణికించిన హూణరాజు అట్టిలాది తురుష్కభాష పేరా, జర్మన్లకు దూరపు చుట్టాలైన గోతుల పేరా అన్నది ఆయన తేల్చుకోవలసిన విషయం. మా పెళ్లిచూపుల్లో కాఫీ చల్లారింది గానీ అది తేలలేదు. నాకు పెళ్లికొడుకు కంటే ముందు ఆయనే నచ్చారు.

ఇక్కడ జర్మనీలో, ఎర్లాంగెన్‌లో పాప పుట్టినప్పుడు ఆసుపత్రి వాళ్లు పేరడిగితే, "ఇరవై ఒకటో రోజున మా మామయ్య పెడతారు" అని దర్జాగా చెప్పి వచ్చాం. ఆయనకేమో వీసాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. ఫోన్లోనే పెడతానన్నారు గానీ, అర్థం దగ్గర ఎవరూ వేలెత్తి చూపలేని పేరు కావాలంటూ ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయారు. ఇరవై ఒకటో రోజు దాటిపోయింది. పేరు లేనిదే జనన సర్టిఫికెట్ లేదు, అది లేనిదే పాస్‌పోర్టు లేదు. జననాలు నమోదు చేసే స్టాండెస్‌ఆమ్ట్ నుంచి ఫోన్ వచ్చింది, శుక్రవారంలోగా పేరు చెప్పాలని. మా ఆయన "నేనే ఏదో ఒకటి పెట్టేస్తా" అన్నారు. ససేమిరా అన్నాను. మొదటి మనవరాలికి పేరు పెట్టే భాగ్యం ఆ పెద్దాయన చేజారితే నేను తట్టుకోలేను.

గురువారం కింది ఇంటి టర్కీ తాత పాపను చూడడానికి వచ్చాడు. బళ్లో టర్కిష్ చెప్పి రిటైరైన ఆయన పేరు కూడా అట్టిలాయే. వీడియో కాల్‌లో ఆ సంగతి వినగానే మామయ్య కళ్లజోడు సర్దుకున్నారు. ఇక చూడండి, మధ్యలో నేను ఇటు తెలుగు, అటు జర్మన్.

"వోల్గా నదికి పాత తురుష్క పేరు ఇతిల్. మా పేరు అందులోంచే వచ్చింది" అన్నాడు తాత.

"గోతుల మాటల 'చిట్టి నాయన' అని అర్థమంటరు గదా. దానికేమంటడో అడుగు బిడ్డా!" అన్నారు మామయ్య.

ఆ గొడవకు పాప ఏడుపు లంకించుకుంది. తాత దాన్ని భుజాన వేసుకుని, ఏమని పిలవాలని నన్నడిగాడు. పేరింకా లేదనీ, రేపే గడువనీ చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"హూణులు తమ పేర్లు తాము రాసి పెట్టలేదు. గ్రీకులూ రోమన్లూ తమకు వినబడ్డట్టు రాశారు. అందుకే మనమింకా కొట్టుకుంటున్నాం. ఈ పిల్ల పేరు కూడా పరాయివాళ్లకే వదిలేస్తారా అని అడుగు" అన్నాడు.

ఆ మాట తెలుగులో చెప్పడానికి భయమేసింది. అయినా చెప్పాను. మామయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత, "మా అమ్మ పేరు పెట్టుండ్రి" అన్నారు.

దానికి అర్థమేమిటని మా ఆయన అడగనే అడిగారు.

"నాకు తెల్వది. ఎన్నడు అడగలే. పిలిస్తే పలికేది, గంతే."

తాత ఫోన్‌ను పాప చెవి దగ్గర పెట్టాడు. మామయ్య మూడుసార్లు పిలిచారు. టర్కీవాళ్లలోనూ పెద్దవాళ్లు బిడ్డ చెవిలో మూడుసార్లే పిలుస్తారట. నేను ఏడ్చాను, సంతోషంతోనే.

మామయ్య పోయి మూడేళ్లయింది. రేపు క్లాసులో ఆయన మాటే చెప్పమన్నాను పాపతో: అర్థం తెలియదు, పిలిస్తే పలికేది, అంతే అని. అట్టిలా పేరు ఏ భాషదో పండితులు ఇంకో వెయ్యేళ్లు వాదించుకోనీ. ఏ గుడారంలోనో ఆ పసివాడి మీదికి వంగి మొట్టమొదట ఆ పేరుతో పిలిచిన గొంతును కాలం ఏనాడో మరిచిపోయింది. మామయ్య గొంతును మాత్రం నేనున్నంతకాలం మరిచిపోనివ్వను.