అక్క పెళ్ళి కంబళికి దాచిన ఉన్ని

మొన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండే మా మనవరాలు ఎక్కణ్ణుంచో పచ్చి గొర్రె ఉన్ని తెప్పించుకుని, దీన్ని ఇంట్లో కడగడం ఎట్లాగని వీడియో కాల్ చేసింది. ముళ్ళూ పెంటికలూ చిక్కుకున్న ఆ ఉన్నిని చూడగానే, చెప్పాల్సింది మరిచిపోయి, కె.ఆర్.పురంలోని మా పాత ఇంటి పెరట్లోకి వెళ్ళిపోయాను.

గొర్రెలు మేపుకునే ఇల్లు మాది. ఉన్ని కడగడం మా అవ్వ పని, అంటే నాన్నను కన్నతల్లి పని. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి, ఉన్నిని ముంచి, ఇంక దాని జోలికి పోకుండా వక్కాకు నములుతూ కూర్చునేది. ఎవరూ తాకకుండానే నీళ్ళు కాఫీ రంగుకు తిరిగేవి! నాకప్పుడు పదేళ్ళు, దేన్ని చూసినా ఎందుకూ అని అడిగే నోరు. రుద్దితే ఏమవుతుందవ్వా అంటే, "చెడిపోతాది, ముట్టొద్దు" అనేదే తప్ప, ఎట్లా చెడిపోతుందో చెప్పేది కాదు. అది తెలిసేదాకా నాకు అన్నం సయించేది కాదంటే నమ్మండి.

ఆ ఏడు అక్క పెళ్ళి. మా ఇళ్ళలో పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ ఇంటి గొర్రెల ఉన్నితో నేసిన కొత్త కంబళి మీదే కూర్చోబెట్టాలి. అందుకని అవ్వ మంచి ఉన్నినంతా ఏరి దాచి, ఒకరోజు నానబెట్టి, వక్కాకు కోసం అంగడికి వెళ్ళింది. ఇంకేం, పొయ్యి మీది వేణ్ణీళ్ళు గుమ్మరించి, సబ్బు పట్టించి, బండ మీద నా స్కూలు గౌను ఉతికినట్టు కసాకసా రుద్దేశాను. అబ్బ, ఏం చోద్యం! పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, నా చేతుల కిందే బిగుసుకుని, దళసరి చాపలా అట్టకట్టాయి. ఎంత లాగినా విడలేదు. ముందు సంబరపడ్డాను. తర్వాత అక్క గుర్తొచ్చి, దాన్ని మళ్ళీ నీళ్ళలోకి తోసేశాను.

అవ్వ వచ్చి చూసింది, నన్ను చూసింది, ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. సాయంత్రం నాన్న వచ్చి కేకలు మొదలుపెట్టబోతే మాత్రం, "నీళ్ళు ఎక్కువ కాగిపోయినాయప్పా, నేనే చూసుకోలేదు" అంది. నేను తలుపు చాటున నిలబడి నోరు విప్పలేదు. పెళ్ళికి చిన్నాయన సంతలో కంబళి కొనుక్కొచ్చాడు. అవ్వ ఆ అట్టకట్టిన ఉన్నిని దాని కింద పరిచి, ఇంటి ఉన్ని మీద కూర్చున్నట్టేనని అక్కను సముదాయించింది.

మరుసటి ఏడు నాన్న ఉన్ని బుట్ట తెచ్చి మా అమ్మ ముందు పెట్టాడు. "అమ్మకు వయసైపోయిండాది, ఇంక నువ్వే కడుగు" అన్నాడు. అవ్వ కాస్త పక్కకు జరిగి కూర్చుంది. అప్పటినుంచీ ఊరికే చూస్తూ ఉండేది.

మా గొర్రెలు మేసిన బీళ్ళన్నీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. ఉన్ని పోగుకు కంటికి కనపడని పొలుసులుంటాయనీ, వేడిలో రుద్దితే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయనీ మనవరాలు క్షణంలో వెతికి చెప్పేసింది. ఇన్నేళ్ళకు నా ప్రశ్నకు జవాబు దొరికింది, సంతోషమే.

ఆ పెళ్ళయ్యాక అవ్వ ఆరేళ్ళు బతికింది. రుద్దింది నేనే నాన్నా అని ఏ ఒక్కరోజు చెప్పినా ఆ బుట్ట మళ్ళీ ఆవిడ ముందుకొచ్చేది. నేను చెప్పలేదు.