అడిగినదానికే జవాబు

ఆస్పత్రిలో అందరూ ఆమెను చుక్కలక్క అనేవారు. పిపెట్‌తో కంటికి ఆననంత చుక్క తీసి, గోరంత గొట్టంలో చేయి వణక్కుండా వదలడం ఆమె పని. రోగుల రక్తం నుంచి, మలం నుంచి జన్యుపదార్థాన్ని విడదీసి పీసీఆర్ యంత్రానికి ఎక్కించేది. మొదట గాజుసామాను కడగడానికి ల్యాబులో చేరి, కడుగుతూనే చదివి, పరీక్షలు రాసి తెల్లకోటు తొడుక్కుంది. అమ్మ పోయాక తమ్ముణ్ని ఆమే పెంచింది. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "ఒకణ్ని పెంచి పెద్దచేశాను, చాలు. ఇంకొకణ్ని పెంచే ఓపిక లేదు," అనేది.

తమ్ముడు ఇటుకబట్టీలో మట్టి తొక్కేవాడు. పొద్దున్నే మోకాళ్ల దాకా బురదలో దిగితే ఎండెక్కేదాకా గట్టెక్కేవాడు కాదు. భార్య పక్కనే కూర్చుని ఆ మట్టిని అచ్చుల్లో పోసేది. బట్టీ వెనక పచ్చి ఇటుకలతో కట్టుకున్న ఒంటిగదిలో ఉండేవారు. గోడల పగుళ్లలో ఇసుక ఈగలు చేరేవి. ఆదివారం అక్క వస్తే అతను ఆటపట్టించేవాడు.

"మా అక్క కంటికి కనపడని పురుగునైనా పట్టేస్తుంది. కళ్లజోడు మాత్రం నేను వెతికిపెట్టాలి."

వానలు తగ్గాక అతనికి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మనిషి ఎండిపోతున్నాడు, పొట్ట మాత్రం పెరుగుతోంది. అక్క ఎడమ డొక్క కింద చేయి పెట్టి చూసింది. కడుపులో బల్ల, అంటే వాచిన ప్లీహం, గట్టిగా తగిలింది. ఆ రోగం ఆమె ఏళ్లుగా గొట్టాల్లో చూస్తున్నదే. మర్నాడు అతణ్ని ఆస్పత్రికి లాక్కొచ్చింది. రక్తాన్ని తనే పీసీఆర్‌కి పెట్టింది. తెరమీద గీత పైకి లేచింది. కాలా అజార్, ఇసుక ఈగ కాటుతో అంటుకునే జ్వరం.

"పేరు తెలిసింది కదా, సగం నయమైనట్టే," అన్నాడు తమ్ముడు, మంచం మీద కాళ్లు ఊపుతూ.

"నోర్మూసుకుని పడుకో. మిగతా సగం సంగతి డాక్టరు చూస్తారు."

నరంలోకి మందు ఎక్కించారు. జ్వరం దిగింది. బల్ల కూడా కరుగుతోందన్నారు. కానీ అతనికి దగ్గు మొదలైంది. ఛాతీలో పిల్లికూతలు. నడుము కింద చర్మం మీద ఎర్రటి చారలు వచ్చి, దురద పుట్టించి, పూటలోనే మాయమయ్యేవి. మంచాల్లో నల్లులుంటాయిలే అనుకుంది భార్య. మలాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఏమీ కనపడలేదు. ఆయాసం పెరిగేసరికి వార్డు డాక్టరు ఉబ్బసమనుకుని స్టెరాయిడ్ రాశాడు. వయసులో చిన్నవాడే గానీ రోగిని ముట్టుకుని చూసే డాక్టరు. ఆ స్థితిలో ఎవరైనా అదే రాసేవారు.

మందు పడగానే తమ్ముడు లేచి కూర్చున్నాడు. కడుపునిండా తిన్నాడు. పక్కమంచం ముసలాయనతో పేకాడి, గెలిచానని అక్కకు కబురు పంపాడు. ఆ వారం ఆమె తేలికగా ఊపిరి పీల్చుకుంది.

తర్వాత ఒక్కసారిగా తిరగబడింది. కడుపు రాయిలా బిగుసుకుంది. జ్వరం నిప్పుకణిక. మాట తడబడింది. భార్యను చూసి ఎవరో అన్నట్టు మొహం తిప్పుకున్నాడు. వార్డు డాక్టరు పరుగున ల్యాబుకొచ్చాడు. ల్యాబు పెద్ద, నెరిసిన జుట్టు డాక్టరమ్మ, కేసంతా వింది.

"మట్టిలో దిగి పనిచేస్తాడన్నావు కదూ?" అని చుక్కలక్కనడిగింది. "ఉత్త కాళ్లతోనేనా?"

"అవునమ్మా."

"మలంలో మట్టి నుంచి ఎక్కే పురుగు ఉందేమో పీసీఆర్ చెయ్యి. ఇప్పుడే."

తడినేల నుంచి అరికాళ్ల చర్మంలోకి దూరే సన్నటి పురుగది. ఏళ్ల తరబడి పేగుల్లో చప్పుడు చేయకుండా ఉంటుంది. మైక్రోస్కోపుకు చిక్కేది తక్కువ. స్టెరాయిడ్ పడితే మాత్రం దానికి అడ్డూ ఆపూ ఉండదు. పేగుల్ని తొలుచుకుని ఒళ్లంతా పాకుతుంది, వెంట పేగుల్లోని విషక్రిముల్నీ రక్తంలోకి మోసుకుపోతుంది.

కాలా అజార్ రోగుల్లో ఇంకే పరాన్నజీవులున్నాయో చూడాలని ఆ పురుగు జన్యువును గుర్తుపట్టే ప్రైమర్లు అప్పటికే తెప్పించి ఉంచారు. ఇంకా పని మొదలుపెట్టలేదు, అంతే. పీసీఆర్ అడిగినదానికే జవాబు చెబుతుంది. ఏ క్రిమి ప్రైమరు వేస్తే ఆ క్రిమి ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. తమ్ముడి విషయంలో ఒక్కటే అడిగారు, అది అవునంది. రెండోది ఎవరూ అడగలేదు.

చుక్కలక్క గొట్టాలు సర్దింది. యంత్రం నడుస్తున్నంతసేపూ కుర్చీలో కదలకుండా కూర్చుంది. వార్డుకు వెళ్లిరమ్మని డాక్టరమ్మ అన్నా వినలేదు. గీత లేచింది. అదీ ఆలస్యం చేయకుండా, నిటారుగా లేచింది.

పురుగును చంపే మాత్రలు నూరి ముక్కుగొట్టంలోంచి పోశారు. స్టెరాయిడ్ ఆపేశారు. రక్తంలో చేరిన క్రిములకు వేరే మందులు ఎక్కించారు. అన్నీ ఆలస్యమే. మర్నాడు మధ్యాహ్నం, వార్డు ఆయా నేల తుడుస్తుండగా, అతని ఊపిరి ఆగిపోయింది. ఆయా తుడిచే గుడ్డ పక్కన పెట్టి, తడినేల మీదే నిలబడిపోయింది.

కర్మలన్నీ అయ్యాక చుక్కలక్క పనిలోకి వచ్చింది. వార్డు డాక్టరు ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నేనిచ్చిన మందేనమ్మా..." అన్నాడు.

"మీకు తెలీదు సార్. మాకూ తెలీదు." ఆమె చేతిలో పని ఆపలేదు. "ఇకమీదట తెలీదంటే కుదరదు."

ఆ వారమే డాక్టరమ్మ అనుమతులన్నీ తెచ్చింది. ఫ్రీజరులో దాచిన పాత నమూనాలు బయటకు తీశారు. కాలా అజార్ అని తేలిన ప్రతి మనిషికీ మళ్లీ పరీక్ష. కొందరిలో మలేరియా దాక్కుని ఉంది, కొందరిలో ఆ పురుగు. దొరికినవాళ్లకు మందు ఇచ్చారు. ఇద్దరు ముగ్గుర్ని వెతుక్కుంటూ వెళ్తే, పోయారని చెప్పారు ఇంటివాళ్లు. దేనితో పోయారో ఎవరికీ తెలియదు. చుక్కలక్కకు మాత్రం అనుమానం పీకుతూనే ఉండేది.

మరదలికి కూడా పరీక్ష చేయాలి. తనూ అదే మట్టిలో బతికిన మనిషి. చుక్కలక్క బట్టీకి వెళ్లి అడిగింది.

"నాకేం లేదు వదినా," అంది మరదలు, అచ్చు బోర్లించి తట్టుతూ. "నువ్వు వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఆయనలో దొరక్కపోయుంటే ఇంకొన్నాళ్లు ఉండేవాడేమో."

 చుక్కలక్క మలం నమూనాకని తెచ్చిన మూతడబ్బా గడప దగ్గర పెట్టి తిరిగొచ్చింది. దారిలో ఒక గోడ పక్కన ఆగి ఏడ్చింది. తమ్ముడు పోయాక ఆమె కంట తడి అదే మొదలు.

చాలా రోజుల తర్వాత మరదలు తనంతట తనే ఆస్పత్రికి వచ్చింది. కొంగుచాటున డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు, వదినా అడగలేదు. ఫలితం అనుకున్నట్టే వచ్చింది, ఆ పురుగే.

చుక్కలక్క మందు తెచ్చి ఆమె అరచేతిలో వేసింది. మరదలు దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లించి చూసింది.

"ఇంతేనా వదినా?"

"ఇంతే. మళ్లీ ఒకసారి వేసుకోవాలి, నేను చెబుతాను."

"ఆయనకి ఇది ముందే ఇచ్చి ఉంటే?"

అబద్ధమాడదామని ఒక్క క్షణం అనిపించింది చుక్కలక్కకు.

"సరిపోయేది," అంది.

మరదలు మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఆ పూట మళ్లీ బట్టీకి వెళ్లలేదు. ల్యాబు బయట బెంచీ మీద గోడకు చేరగిలబడి కూర్చుంది. చుక్కలక్క చేతితొడుగులు తీసేసి వచ్చి పక్కన కూర్చుంది.