అంబారీ ఏనుగుకు మావటివాడు

మా ఆయన అంతోని చెడ్డవాడు కాడు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, చివరికొచ్చేసరికి మీరు ఆయన్ని తిట్టుకుంటారు. తిట్టేటప్పుడు నన్నూ కలుపుకోండి.

గుణదలలో మాకు పాత సామాన్ల కొట్టు ఉండేది. ఇత్తడి బిందెలు, పడక్కుర్చీలు, గంటలు కొట్టని గోడ గడియారాలు అమ్మేవాళ్లం. బేరంలో ఆయనది మెత్తటి నోరు. ఆ నోటితోనే నన్నూ పెళ్లికి ఒప్పించాడు కాబట్టి దాని బలం నాకు తెలుసు.

డెబ్భై అయిదులో వానాకాలం చివర, మద్రాసు నుంచి ఒకాయన కొట్టుకు వచ్చాడు. పాత కొండపల్లి బొమ్మలుంటే వందలు పెట్టి కొంటానన్నాడు. బస్సెక్కితే గంటలో కొండపల్లి. మాకు నవ్వొచ్చింది.

"కొత్తవి ఎన్ని కావాలంటే అన్ని చేసిస్తారు కదండీ," అన్నాడు మా ఆయన.

"అందుకేనండీ అవి చవక. పాతవి చేసిన చేతులు పోయాయి. ఆకులు నూరి ఆ రంగులు తీసే ఓపిక ఇప్పుడెవరికుంది? పిల్లలు విరగ్గొట్టగా మిగిలినవెన్ని? ఉన్నవి నాలుగు, కావాలనేవాళ్లు వందమంది. అంబారీ ఏనుగు ఒక్కటే అయితే నలభై రూపాయలిస్తా. దాని మావటివాడు కూడా ఉంటే నాలుగొందలు. పిల్లల పంటి గాట్లుంటే మరీ మంచిది. పొగబెట్టి పాతదని అంటగట్టే దొంగసరుక్కి అవి ఉండవు."

సత్యనారాయణపురంలో కనకవల్లిగారని, ఓ బడి మాస్టారి భార్య ఉండేవారు. ఆవిడ అటక మీద అలాంటి ఏనుగుందని తెలిసి ఇద్దరం వెళ్లాం.

"మావటివాణ్ని మా పనిమనిషి ఆదెమ్మ కూతురికిచ్చానయ్యా. చూసిన దగ్గర్నుంచీ వదల్లేదు పిల్ల. వెలితి బొమ్మను కొలువులో పెట్టలేక ఏనుగును అటకెక్కించా," అని ముప్ఫై రూపాయలకు ఇచ్చేశారు.

ఆదెమ్మ మా వీధి మనిషే. ఆయన్ని అన్నయ్యా అని, నన్ను వదినా అని పిలిచేది. ఆ కూతురు శౌరమ్మ మూడేళ్లు నిండగానే విషజ్వరంతో పోయింది. అప్పటికి రెండేళ్లయింది. పోయేనాడు కూడా ఆ మావటివాడు పిల్ల పిడికిట్లోనే ఉన్నాడు.

"అదడిగితే పాపం చుట్టుకుంటుంది," అన్నాను ఇంటికొస్తూ. ఒకసారి అని ఊరుకున్నాను. ఎన్నాళ్ల నుంచో కుట్టుమిషను కొనుక్కోవాలని నా ఆశ.

డబ్బిస్తానంటే ఆదెమ్మ గడప కూడా తొక్కనివ్వదని ఆయనకు తెలుసు. మా వీధి చివరి గుడిలో క్రిస్మసుకు పశువులపాక కట్టేవాళ్లం. బాలయేసు, మరియమ్మ, జోజప్ప బొమ్మలే గుడివి. గొర్రెల కాపరులూ ఆవులూ అన్నీ ఇళ్ల నుంచి తెచ్చి పెట్టేవే. పోయిన బిడ్డ బొమ్మ పాకలో ఉంటే ఆ బిడ్డ బాలయేసు పక్కన ఆడుకుంటున్నట్టేనని మా పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. మా ఆయన సరిగ్గా అక్కడ పట్టుకున్నాడు.

"మన శౌరమ్మ బొమ్మని ఈ ఏడు పాకలో కాపరిగా నిలబెడదామమ్మా. నేనే తీసుకెళ్లి ఫాదరుగారికిస్తా," అన్నాడు.

ఆదెమ్మ ట్రంకుపెట్టె తెరిచి, పిల్ల గౌనులో చుట్టి దాచిన బొమ్మను తీసింది. ముద్దు పెట్టుకుని మరీ ఇచ్చింది. తలపాగా మీద నాలుగు పంటి గాట్లు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నేనొక్క మాటంటే ఆ పని ఆగిపోయేది. అనలేదు.

మద్రాసాయన నాలుగు వందల యాభై ఇచ్చాడు. పైన యాభై ఆ గాట్లకట. మిషను ఇంటికొచ్చింది. దాని ముందు కూర్చున్నప్పుడల్లా సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది, అయినా కుట్టాను. ఆ డబ్బు తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మా ఆయన కొండపల్లి వెళ్లి రూపాయిన్నరకు కొత్త మావటివాణ్ని తెచ్చి పాకలో నిలబెట్టాడు. "అన్నీ ఒకేలా ఉంటాయి, ఆడమనిషికేం తెలుస్తుందే?" అన్నాడు. పాతకూ కొత్తకూ తేడా చూసి బతికేవాడు అనాల్సిన మాటేనా అది!

క్రిస్మసు పొద్దున పూజ అయ్యాక ఆదెమ్మ పాక ముందు మోకరించింది. చేయి చాపి బొమ్మను అందుకుని, బొటనవేలితో తలపాగా తడిమింది.

"కొత్త రంగులేయించావా అన్నయ్యా?"

ఆయన నేల చూపులు చూస్తూ తలూపాడు.

"ఎట్టా మెరిసిపోతన్నాడో! నా బిడ్డ కోసం ఎంత కర్చు పెట్టావు! నీ మేలు మర్చిపోను." మళ్లీ తడిమింది, ఈసారి ఇంకా మెల్లగా. "కాకపోతే అన్నయ్యా, ఆ పంటి గాట్లు పూడ్చకుండా ఉంచితే బాగుండేది. దాని ఫోటో అయినా లేదు నాకాడ."