కత్తుల సినిమాలో పెళ్ళిచూపులు

అబ్బాయి సినిమా టికెట్లు తీశాడని మా అమ్మాయి చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇద్దరూ హోసూరులో ఒకే ఆఫీసులో పనిచేస్తారు, ఒకరినొకరు ఇష్టపడ్డారు. అతనిది కోస్తా, మాది తరతరాలుగా కృష్ణగిరి. మా ఆయన ఎప్పుడో సరే అన్నాడు. ఆగింది నా మాట కోసమే. మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే గానీ చెప్పనన్నాను. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఆటకు నలుగురం వెళ్ళాం.

కత్తుల సినిమా అది. నాకు అలాంటివంటే ప్రాణం. ‘ఆడదానివి, నీకిదేం పిచ్చి?’ అని మా వదినలు ఎద్దేవా చేస్తారు. చేసుకోనీ. వెనకటి కాలం కథ: పెద్ద కాలర్ల చొక్కాలు, నేల ఊడ్చే బెల్‌బాటమ్ ప్యాంట్లు, చెవుల కిందికి దిగిన కృతాలు, అన్నింటి మీదా పసుపు పచ్చని వెలుతురు. దాదా ఒకణ్ణి చంపబోయే ముందు టేప్ రికార్డర్‌లో క్యాసెట్ తిరగేసి పెడతాడు, అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటాడు, అప్పుడు గానీ కత్తి తీయడు. పాటా ఆగదు, కత్తీ ఆగదు. చంపడాన్ని ఇంత అందంగా చూపించడం పాపమే. ఆ పాపం చూస్తూ, చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ, నేను కుర్చీ అంచుకు వచ్చేశాను.

ఎందుకో పక్కకు చూస్తే, అబ్బాయి కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

తెరమీద మళ్ళీ కత్తి లేచింది, అతను మళ్ళీ మూశాడు. ఇక నా మనసు సినిమా మీదా నిలవలేదు, అతని మీదా నిలవలేదు. అటు చూస్తే ఇటు లాగుతుంది, ఇటు చూస్తే అటు. ఊత్తంగరైలో ఉన్నప్పుడు మా ఆయన చెయ్యి మోటారు బెల్టులో పడితే, నెత్తురు కారే చేతికి తువ్వాలు చుట్టి ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే. సంసారంలో అలాంటి రోజులూ ఉంటాయి. రేపు నా బిడ్డకు పురిటి నొప్పులు వస్తే ఈ మనిషి కళ్ళు మూసుకుని కూర్చుంటాడా?

ఇంటర్వెల్‌లో మా ఆయన్ని పక్కకు లాగాను.

“నెత్తురు చూడలేనోనికి పిల్లనెట్ల ఇచ్చేది? నాకు వద్దు.”

“సినిమా చూసి సంబంధం వద్దనేదాన్ని నిన్నే చూస్తి” అని ఆయన పాప్‌కార్న్ నములుతూ లోపలికి పోయాడు.

రెండో సగంలో గోడౌనులో పెద్ద నరుకుడు. తెరంతా ఎరుపు. అంత మంచి ఘట్టాన్ని వదిలి నేను వాళ్ళిద్దరినే చూశాను. అబ్బాయి కళ్ళు మూసే ఉన్నాయి. మా అమ్మాయి అతని చెవిలో చెబుతోంది.

“ముగ్గురు పడిపోయినారు. దాదా బయటికి వస్తా ఉండాడు. అయిపోయింది, ఇంగ తెరువు.”

తెరిచాడు. లేచి మాత్రం పోలేదు.

ఆట వదిలాక అడిగేశాను. కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు.

“ఏమప్పా, చూడలేనోడివి ఈ సినిమాకు ఎందుకు పిలిస్తివి?”

అతను తల వంచుకున్నాడు. “మీకు ఇలాంటివే ఇష్టమని తను చెప్పిందండి. మీకు నచ్చింది మీ పక్కన కూర్చుని చూడాలనిపించింది.”

నాకు ఏ సినిమా నచ్చుతుందని మా ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. సిగ్గూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. అయినా నా నోరు ఊరుకోదు కదా.

“తిట్లు తమిళంలో అయితే ఇంకా రుచి. పక్క హాల్లో ఇదే సినిమా తమిళంలో ఆడతా ఉంది. వచ్చే వారం పోదాం, వస్తావా?”

అతని ముఖం పాలిపోయింది. ఒకసారి మా అమ్మాయి వైపు చూశాడు.

“వస్తానండి” అన్నాడు.

మెట్ల దగ్గర నిలబడ్డ మా ఆయన్ని పిలిచి, ముహూర్తం చూడమన్నాను.