పుట్టింటి పేరు, మెకింటైర్ పేరు

మొన్న మా అమ్మాయి పెళ్లి రిజిస్ట్రేషన్ ముగించుకుని పాసిర్ రిస్ వెళ్లే మెట్రో రైల్లో ఇంటికి వస్తున్నప్పుడు, "నేనేం ఇంటిపేరు మార్చుకోవట్లేదమ్మా, వై షుడ్ ఐ, లా" అని ఇక్కడి యాసలో తేలిగ్గా అనేసి ఫోన్లో తల దూర్చేసింది. సంతోషించాల్సిన తల్లిని, నాకు లోపలెక్కడో చురుక్కుమంది. కన్నకూతురి మీద అసూయేమిటని నవ్వుకున్నాను గానీ, ఆ మంట నాకు కొత్తది కాదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోతాయని లోకమంతా హడలిపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. వాటిని సరిచెయ్యడానికి మనలాంటివాళ్లం ఈ ద్వీపదేశంలో విమానాల నిండా దిగాం కదా! మావారూ నేనూ, రెండేళ్ల పాపతో, టోవా పాయో పేటలో అద్దె ఫ్లాట్‌లో కాపురం పెట్టాం. ఆఫీసులో మా టీమ్ లీడరు స్కాట్లాండు ఆవిడ, నా ఈడుదే. ఇంటిపేరు మెకింటైర్. పెళ్లయినా అది పుట్టింటి పేరేనట. వాళ్ల దేశంలో వెనకటి ఆడవాళ్ల సమాధిరాళ్ల మీద కూడా పుట్టింటి పేరే చెక్కేవారట.

ఒకరోజు తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో భోజనాల దగ్గర ఎవరో ఆ పేరుకు అర్థం అడిగారు. ఆవిడ చెంచా పక్కన పెట్టి, మెక్ అంటే కొడుకనీ, పేరు మొత్తానికి వడ్రంగి కొడుకని అర్థమనీ చెప్పింది. ఎప్పుడో వాళ్ల మూలపురుషుడు నడిసముద్రంలో ఉండగా పడవకు చిల్లిపడితే బొటనవేలు దూర్చి నీళ్లు ఆపాడట. చుక్కాని పట్టడానికి చెయ్యి ఖాళీ లేక, ఆ వేలు అక్కడే నరికి వదిలేశాడట. పడవను అలా బాగుచేసినందుకే వడ్రంగి అన్న పేరొచ్చిందట. అందరూ తినడం మానేసి విన్నారు. "మా పాత భాషలో ఆడపిల్లనైతే మెక్ కాదు, నిక్. నేను వడ్రంగి కూతుర్ని" అని నవ్వి, నావైపు తిరిగి, "మరి నీ పేరు కథేమిటి?" అంది.

నా మెడలో ఆఫీసు కార్డు మీద ఉన్నది మావారి ఇంటిపేరు. "అది మా అత్తవారిది, నాకు తెలియదు" అన్నాను. ఆ కార్డును వెనక్కి తిప్పేసుకున్నాను.

ఆనాటి నుంచి ఆవిడ పంపే ప్రతి మెయిలు కింద ఆ పేరు చూసినప్పుడల్లా కుళ్లుకున్నాను. మా పుట్టింటి పేరు పడవల; ఊళ్లో అందరికీ మేం పడవలవారం. ఆదివారం నాన్నకు ఫోన్ చేసి ఆ పేరెలా వచ్చిందని అడిగితే, "గోదారి మీద పడవలు నడిపుంటారమ్మా మనోళ్లు. ఇప్పుడెందుకే అదంతా?" అన్నారు. అంతే, కథ లేదు. మావాళ్లలో ఒక్కరైనా వేలు నరుక్కోలేకపోయారా అని ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకు ఆవిడ తండ్రి కూతుర్ని చూడ్డానికి వచ్చాడు. ఆవిడ నన్ను భోజనానికి పిలిచింది. నా పేరు కథేమిటని ఆయన కూడా ఎక్కడ అడుగుతాడోనన్న భయంతో నేనే ముందుగా, మీ పాత భాషలో ఆ పేరు ఒకసారి పలకండి అన్నాను. తనకు రాదన్నాడాయన. వాళ్లమ్మకు వచ్చునట; బడిలో ఆ భాష మాట్లాడినందుకు బెత్తం దెబ్బలు తిని, తన పిల్లలతో ఒక్క ముక్కా మాట్లాడలేదట. "పుస్తకంలో చూశాను గానీ, పలికితే తప్పేమోనని పలకను" అన్నాడు. కూతురు తల వంచుకుంది.

అంతలో ఇంటి నుంచి ఫోన్, పాప ఏడుస్తోందని. "ఏడవకు నా తల్లీ, వచ్చేస్తున్నా, నాన్న దగ్గర బువ్వ తినెయ్యి, బంగారం కదూ" అని బుజ్జగించి తలెత్తితే ఆవిడ నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ ఆవిడను నేను చూస్తున్న చూపే అది.

"నువ్వు పాపతో మాట్లాడిన భాషలో వడ్రంగి కూతుర్ని ఏమంటారు?" అని అడిగింది. "వడ్రంగివారమ్మాయి" అన్నాను. పెదాలు కదుపుతూ చాలాసేపు పలుకుతూనే ఉంది.

చిన్నప్పుడు నన్ను మా పుట్టింటి వీధిలో పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువని అప్పుడే తట్టింది. పాలావిడకీ, పంతులమ్మకీ, ఎదురింటి మామ్మకీ నేను పడవలవారమ్మాయినే.

ఆ కంప్యూటర్ ఉద్యోగాల జోరు చల్లారాక మా టీమ్ చెదిరిపోయింది, ఆవిడ ఎటు వెళ్లిందో తెలియదు. ఇప్పుడు ఏ కార్డు మీద ఏ పేరు వేయించుకున్నా అడ్డుచెప్పేవారు లేరు. కావాలంటే రేపే పుట్టింటి పేరు పెట్టుకోగలను. కానీ మామ్మ లేదు, పంతులమ్మ లేదు, నాన్నా లేరు. పేరైతే రాయించుకోవచ్చు, పిలుపు మాత్రం ఎవరో ఒకరు పిలవాలి కదా.