ఇరవై నాలుగో ముడి తర్వాత

మా లెక్కల టీచరమ్మ పోయింది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య ఫోన్ మోగితే సగమే వినపడింది. రోడ్డు మీదికి వచ్చి మళ్లీ అడిగాను. జగిత్యాల ఆసుపత్రిలో, పొద్దున్నే అట. కోరుట్లలో ఇంటికి తెస్తున్నారట. వేములవాడ మీదుగా పోయే బస్సెక్కి, యాత్రికుల మధ్య నిలబడి వెళ్తుంటే ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాదు. అడ్రసు లేని కోపాన్ని ఆమె ఒప్పుకునేది కాదు.

ఆమె ఇంటి ముందు షామియానా కింద ఒక పెద్దమనిషి ఆమెను గణితానికి అంకితమైన మహోన్నత మూర్తి అన్నాడు. ఆమె వినుంటే చాక్‌పీసు విసిరేది. ఆమె గురి తప్పేది కాదని నా నుదుటికి తెలుసు.

ఆమె క్లాసులో ఏటా ఒక ప్రశ్న ఉండేది. ఏడాదికి ఎన్ని రోజులు? మూడు వందల అరవై అయిదు అని పిల్లలు గొంతు కలిపి అరుస్తారు. పావు రోజు కూడా కలపాలని తెలివైనవాడొకడు లేచి అంటాడు. ఆమె ఎవరికీ మార్కు ఇవ్వదు. "ఎవరి ఏడు?" అంటుంది. ఈ ప్రశ్న మొదట్నుంచీ లేదు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా వాడకట్టులో పుట్టింది.

మా పక్కింటి రాజవ్వ బీడీలు చుట్టేది. చంటి కొడుకును ఆమె చంకలో పెట్టి పెనిమిటి రెండేళ్ల ఒప్పందం మీద సౌదీ పోయాడు. ఇంటింటికీ ఫోన్లు లేని కాలం. రాజవ్వకు తారీకులు రావు, అమావాస్యలు వచ్చు. బీడీ దారం ఒకటి గుమ్మం మేకుకు కట్టి, అమావాస్యకో ముడి వేసింది. ఏడాదికి పన్నెండు, రెండేళ్లకు ఇరవై నాలుగు. ఆఖరి ముడి పడ్డ మర్నాడు వాకిలి అలికి, తల దువ్వుకుని, బొంబాయి బస్సుకు ఎదురు వెళ్లింది. ఆయన దిగలేదు. మర్నాడూ దిగలేదు.

లోపల మంచం పట్టిన అత్త ఉంది. బస్సు హారన్ వినపడ్డప్పుడల్లా "అచ్చిండా?" అని అడిగేది. కొడుకు చేతి నీళ్లు తాగి పోవాలన్నది తప్ప ముసలామెకు ఇంకో కోరిక లేదు. బీడీల కార్ఖానాలో ఆడవాళ్లు మాత్రం ఊరుకోలేదు. "ఆడ ఇంకో ఇల్లు పెట్టిండేమో సూస్కో రాజవ్వా. నువ్వు గిట్లనే ముడులేసుకుంట కూసో" అని ఒకామె అన్నదట. రాజవ్వ అన్నం మానేసింది.

అప్పుడు టీచరమ్మ వచ్చింది. ఇంటి ముందు గద్దె మీద కూర్చుని చాక్‌పీసుతో సూర్యుణ్ణి, భూమిని, చంద్రుణ్ణి గీసింది. చంద్రుడి పన్నెండు చుట్లు, భూమి సూర్యుణ్ణి చుట్టే ఏడు కన్నా పదకొండు రోజులు తక్కువ. రెండేళ్లకు ఇరవై రెండు. "నీ పెనిమిటి ఏడికి పోలే రాజవ్వా. నీ ముడులే ముందుగాల ఉరికినయ్. ఆఖరి ముడి నుంచి ఇరవై రెండు రోజులాగు" అంది. రాజవ్వ ఆ పూట అన్నం తిన్నది. లోపల్నుంచి ముసలామె, అయితే నేనూ ఆగుతానంది.

ఆగలేకపోయింది. ఇరవై రెండులో సగం కూడా గడవకముందే పోయింది.

ఆయన సరిగ్గా టీచరమ్మ చెప్పిన రోజునే దిగాడు. లెక్క ఒక్కరోజు తప్పలేదని వాడకట్టంతా చెప్పుకుంది. టీచరమ్మ కూడా కాస్త గర్వంగానే నడిచి వచ్చింది, ఆ నడక నాకు గుర్తుంది. ఆయన మాత్రం తల్లి మంచం పట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

"ఆడ నెలవంకను సూసే ఏడు, టీచరమ్మా. మా కాయితంల గూడ గదే ఏడు రాసిండ్రు. నా రెండేండ్లు ఎన్నడో ఒడిసినయ్. ఇంటికి పోత అంటె ఇంగిలీసు తారీకుల లెక్క జెప్పి ఆపిండ్రు."

రాజవ్వ గుమ్మానికున్న దారం వైపు చూసింది. "అయితె నా ముడులు సక్కగనే ఉన్నయా?" అంది.

టీచరమ్మ లేచింది. పోయేముందు ఆ దారం అడిగి తీసుకుంది.

ఆమె తప్పేం లేదని, ఖగోళశాస్త్రం ప్రకారం లెక్క సరైనదేనని మొన్న షామియానా కింద కూడా ఒకాయన నాతో వాదించాడు. అయ్యా, నా గొడవ సరిగ్గా అదే. ఆకాశంలో సరైన లెక్క నేల మీద తలుపు వేసి పెట్టే యజమానికి పనికొచ్చింది. వాడికి సూర్యుడైనా ఒకటే, చంద్రుడైనా ఒకటే. కూలివాణ్ణి ఇంకొన్ని రోజులు ఆపగలిగేది ఏదైతే అదే వాడి ఏడు. ఇక వలస కుటుంబాలను ఆదుకుంటామని మన వేదికల మీద మాట్లాడే పెద్దల ఏడు మరొకటి. అది ఎన్నికలనాడు మొదలై ఎన్నికలనాడే ముగుస్తుంది. ఏ పంచాంగంలోనూ దొరకదు.

పత్రికల్లో నా వ్యాసాలు చదివి ఆమె ఒకటే మాట అనేది. "కోపం బాగనే రాస్తవ్‌రా. లెక్కేది?" అందుకే ఇవాళ లెక్కతో సహా రాస్తున్నాను.

అందరూ కాటి నుంచి తిరిగొచ్చాక, సంవత్సరీకం తిథి ప్రకారమా తారీకు ప్రకారమా అని చుట్టాలు వాదనలో పడ్డారు. రాజవ్వ గోడ పక్కన కూర్చుని ఉంది. ముసలిదైంది. పెనిమిటి లేడు. అప్పుడు చంకలో ఉన్న కొడుకు ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఎట్లున్నడని అడిగాను.

"రోజు ఫోన్ల కనవడుతడు కొడుకా. ఎప్పుడొస్తవురా అంటె మాత్రం సిగ్నల్ పోయిందంటడు" అంది. నవ్విందో లేదో చెప్పలేను.

తర్వాత లేచి టీచరమ్మ ఉండే లోపలి గదిలోకి నడిచింది, వెనకే నేను. అక్కడ క్యాలెండర్ కింద మేకుకు ఆ దారం ఇన్నేళ్లుగా వేలాడుతూనే ఉంది, రంగు మారి, దుమ్ము పట్టి. రాజవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని ముడి ముడినీ వేలితో తడిమింది. ఇరవై నాలుగోది వచ్చింది. వేలు అక్కడ ఆగలేదు. ముడి లేని దారం మీద మెల్లగా, కొస దాకా జారుతూ పోయింది.