ఇసుకలో బిగించిన ఇంజన్

ఆ ఇంజన్ మాట ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పందొమ్మిది వందల అరవై ఒకటో, అరవై రెండో. కృష్ణ ఒడ్డున మా రేవులో నేను టపా సంచి మోసేవాణ్ణి. రోజూ ఏరు దాటాలి, సాయంత్రానికి తిరిగి రావాలి. దాటించేవాడు మారయ్య. ముప్పై ఏళ్లు గడ వేసి నావ నడిపిన మనిషి. ఆ ఏడు ఆయన కుడి భుజం పట్టేసింది. ఇక గడ ముట్టొద్దని దవాఖానలో చెప్పారు. ముట్టకపోతే నావ ఇంకొకరి చేతికి పోతుంది. ఆ మాట ఎవరన్నా అంటే చాలు, మారయ్య ముఖం మాడిపోయేది.

"నావ దిగితే నాకు ఇంట్ల ఏం పనుంది కిష్టయ్యా?" అనేవాడు నాతో.

ఊరంతా కలిసి ఆయిల్ ఇంజన్ ఒకటి తెప్పించింది. దాన్ని బిగించడానికి కల్వకుర్తి నుంచి ఎల్లస్వామి వచ్చాడు. బావుల మీద ఇంజన్లు కూర్చోబెట్టడంలో పేరున్న మేస్త్రీ. బావి గట్టు వేరు, నావ వేరు కదా! ఈ మహానుభావుడు నావను ఇసుక మీదికి లాగించి, కదలకుండా రాళ్లు పెట్టించి, ఇంజన్నూ, నీళ్లలో పంకాను తిప్పే కడ్డీనీ ఒకే వరసలో ఉండేట్టు దారం పట్టి సరిచూసి, బోల్టులు బిగించి చేతులు దులుపుకున్నాడు.

"నీళ్లల్ల దించినంక ఒకపారి చూడరాదా మేస్త్రీ? బరువు పడితే చెక్క ఒంగుతది," అని మారయ్య బతిమాలాడు.

"బావుల మీద నేను పెట్టినయి పదేండ్ల సంది కదల్లే. ఏం ఫికర్ చెయ్యకు," అని ఎల్లస్వామి వెళ్లిపోయాడు. అదంతా పొగరే అనుకున్నాను నేను.

ఒక వారం ఎలాగో నడిచింది. మారయ్య భార్య గోపమ్మ హ్యాండిల్ తిప్పేది, ఆయన ఎడమ చేత్తో చుక్కాని పట్టేవాడు. కడ్డీ దూరిన చోట నీళ్లు కారుతుంటే గోపమ్మే గోనె పీలికలు కుక్కేది. థూ, మేస్త్రీది అదొక పనితనమా!

అంతలో వానలు పడ్డాయి. అవతల మేతకు పోయిన గొల్లలు మందలతో తిరిగొచ్చే రోజులవి. బీరన్న మంద వచ్చింది. పెద్ద పొట్టేలు ఎక్కితేగాని మంద ఎక్కదు. అదేమో ఇంజన్ మోతకు మొరాయించింది. బీరన్న దాన్ని బుజ్జగించి, బుజ్జగించి, చివరికి ఎత్తి నావలో వేశాడు. నలభై గొర్రెలు ఎక్కాయి, టపా సంచితో నేనూ ఎక్కాను. నడి ఏట్లోకి రాగానే బరువుకు నావ అడుగు ఒంగింది, కడ్డీ బిగుసుకుపోయింది, ఇంజన్ ఆగిపోయింది. కొత్త నీళ్లు నావను దిగువనున్న రాళ్ల వైపు తోస్తున్నాయి. బీరన్న గడ అందుకున్నాడు గానీ గొర్లకాపరికి ఆ పని ఎక్కడొస్తుంది! మారయ్య గడ లాక్కున్నాడు. ఒక్కొక్క పోటుకు ఆయన పెట్టిన మూలుగు నా చెవుల్లోంచి పోలేదు. గొర్రెలన్నీ క్షేమంగా ఒడ్డెక్కాయి. మారయ్య కుడి చెయ్యి మాత్రం ఆ రోజు నుంచి పైకి లేవలేదు.

నేనే కల్వకుర్తి పోయి ఎల్లస్వామిని పట్టుకొచ్చాను. దారి పొడుగునా నోటికొచ్చినట్టు తిట్టాను. మేం మారయ్య ఇంటికి వెళ్లేసరికి గోపమ్మ ఆయనకు జొన్న గటక ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. ఎల్లస్వామి గడప దగ్గరే ఆగిపోయాడు.

"అన్నం తిన్నవా మేస్త్రీ?" అని అడిగాడు మారయ్య. ఒక్క తిట్టు లేదు! నాకైతే ఎక్కడలేని కోపం వచ్చింది.

ఎల్లస్వామి కూలబడ్డాడు. "మారన్నా, నాకు ఈత రాదు. గిన్ని నీళ్లు చూస్తే పానం పోతది. గందుకే ఇసుకల పెట్టి బిగించిన. సిగ్గయి చెప్పలే."

"గా ముచ్చట అప్పుడే చెప్తే నేను పక్కన కూసుంటుంటి గదరా!" అన్నాడు మారయ్య. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేనే చెంబుతో నీళ్లు తెచ్చి ఎల్లస్వామికి ఇచ్చాను.

మర్నాడు నావను నీళ్లలోనే కట్టి, గొర్రెల బరువంత ఇసుక బస్తాలు వేశాం. ఎల్లస్వామి నావ అంచు రెండు చేతులా పట్టుకుని ఎక్కాడు. మారయ్య ఎడమ చేత్తో అతని పంచె పట్టుకుని కూర్చున్నాడు. ఎల్లస్వామి బోల్టులన్నీ విప్పి, ఇంజన్ కింద పొడుగాటి తుమ్మ దుంగలు రెండు వేసి, నావ ఒంగిన మేరకు రేకు ముక్కలు పెట్టి కడ్డీని సరిచేశాడు. పొద్దు వాలేసరికి కడ్డీ వేలితో తిప్పినా తిరిగింది. గోపమ్మ హ్యాండిల్ తిప్పి ఒడ్డున దిగిపోయింది. మారయ్య, ఎల్లస్వామి, నేను బస్తాలతోనే అవతలి ఒడ్డు చేరాం.

ఒడ్డు తగలగానే ఎల్లస్వామి దూకేశాడు. "మీరు పోండ్రి. మల్ల గీ నీళ్ల మీద నాతోని కాదు, నేను చుట్టు తిరిగి బస్సుల వస్త."

"రెండు దినాల తొవ్వ," అన్నాడు మారయ్య.

"అయినా సరే అన్నా."

మారయ్య చుక్కాని వదిలేశాడు. "ఎల్లస్వామీ, గిది నడి ఏట్ల ఆగితే గడ ఏసెటోడు ఇగ లేడు. నువ్వు బిగించినదాని మీద నువ్వే ఎక్కనంటే చెప్పు. నేను గూడ ఎక్క. నావ ఈడనే ఇడిశిపెడ్త."

ఎల్లస్వామి పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. తర్వాత నావ ఎక్కి, తనే హ్యాండిల్ అందుకున్నాడు.

"చుక్కాని పట్టు మారన్నా," అన్నాడు.